తాత సైకిలూ, అర మిల్లీమీటరు తక్కువైన చీలా

మన ఇంట్లో తాత హెర్క్యులిస్ సైకిలును చూడనివాళ్ళు ఉండరు. తిరునిన్రవూరు ఇంటికి ఎప్పుడు వచ్చినా అది నడవలో గోడకు ఆనుకొని ఉండేది. చిన్నప్పుడు మనమంతా దాని క్యారియరు మీద కూర్చొని ఫోటోలు తీయించుకున్నవాళ్ళమే. పోయిన ఏడాది ఆ సైకిలు మీద నుంచి నాయన కిందపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్న సంగతి మీకందరికీ తెలుసు. ఎందుకు పడినాడో మాత్రం చాలామందికి తెలీదు. "ఈ వయసులో సైకిలెందుకు" అని ఫోన్ చేసి నాయనను మందలించినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ఎవరికీ బదులు చెప్పలేదు. తప్పు ఆయన వయసుది కాదు, నాది. ఆ సంగతి రాసి పెడదామనే ఇది.

నా తెలుగు గురించి ముందుగా ఒక మాట. నేను చదివింది బెంగళూరులో, పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడే భాషే గానీ రాసే భాష కాదు. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగు అక్షరాలు పట్టుకోవడం కష్టం కాదు, మాటలు పట్టుకోవడమే కష్టం. సైకిలు విషయానికి వస్తే ఇంకా కలగాపులగం. చక్రంలో ఉండే సన్న కమ్మీని నేను బడి అలవాటుగా కడ్డి అంటాను, నాయన పుల్ల అంటాడు, ఇక్కడి మెకానిక్కు కంబి అంటాడు. అందుకని రాతలో ఎక్కడైనా కన్నడ వాసన వస్తే సర్దుకోండి.

తాత పుట్టింది తిరుత్తణి పక్కన పల్లెలో. అప్పుడది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి పోయింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా వేరే అయింది. తాత పెట్టెలో ఉండే కాగితాల్లో ఆ ఒక్క పల్లెకే మూడు జిల్లాల పేర్లు కనిపిస్తాయి. ఆయన అంబత్తూరు పక్క ఒక వర్క్‌షాపులో పనికి చేరి, రైలు సౌకర్యం చూసుకొని తిరునిన్రవూరులో ఇల్లు కట్టుకున్నాడు. సైకిలు బిల్లు మీద 1964 అని ఉంది. హెర్క్యులిస్ సైకిళ్ళు చేసే టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో మొదలైంది, దాని ఫ్యాక్టరీ అంబత్తూరులోనే. డన్లప్ టైర్ల ఫ్యాక్టరీ కూడా ఆ అంబత్తూరులోనే ఉండేది. అంటే తాత రోజూ రైలు దిగే ఊళ్ళోనే సైకిలూ తయారయ్యేది, టైరూ తయారయ్యేది. సామాను కోసం తిరగాల్సిన అవసరమే ఆయనకు రాలేదు.

రిపేరు కూడా ఇంట్లోనే. ఏటా ఆయుధపూజకు ముందు సైకిలంతా విప్పి కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించేవాడట. దాన్ని మనవాళ్ళు ఓవరాయిలింగ్ అంటారు. ఓవరాల్ అనే ఇంగ్లీషు మాటకు మన నోట్లో ఆయిల్ కలిసి అట్లయిందని నేను అనుకుంటా. నాయన చిన్నప్పుడు పక్కన కూర్చొని కప్పుల్లో గుండ్లు లెక్కపెట్టి వేసేవాడు. తర్వాత ఆయనకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, మేము అక్కడ పెరిగినాము. ఎండాకాలం సెలవులకు వచ్చి అరక్కోణంలో దిగి, లోకల్ రైలు పట్టుకొని తిరునిన్రవూరు చేరేవాళ్ళం. నాకు సైకిలు తొక్కడం వచ్చింది ఈ హెర్క్యులిస్ మీదే. సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం. కానీ పానా పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

నాయన రిటైరై ఊరికి వచ్చేసినాడు. నాకు మద్రాసులో టెస్టింగ్ ఉద్యోగం దొరికి, నేనూ ఈ ఇంట్లోనే చేరినాను. వచ్చేసరికి సైకిలు తుప్పు పట్టి ఉంది. టైర్లు పగిలిపోయి, చైను బిగుసుకుపోయి, ఎడమ పెడలు లొడలొడా ఊగుతా ఉంది. పాత ఇనుముకు వేసేద్దామని ఇంట్లో మాట వచ్చింది. నాయన ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం ఒక గుడ్డ తీసుకొని హ్యాండిల్ తుడుస్తా కూర్చున్నాడు. "నేను బాగుచేస్తా" అన్నాను. ఎట్ల చేస్తానో నాకే తెలీదు.

వీడియోలు చూసి మొదలుపెట్టినాను. మొదటి చిక్కు టైరు దగ్గర వచ్చింది. మన సైకిలుది 28 × 1½ టైరు, అంచు మీద చిన్న అక్షరాల్లో 40-635 అని ఉంటుంది. ఆ 635 అనేది రిమ్ము మీద టైరు కూర్చునే చోట అడ్డకొలత, మిల్లీమీటర్లలో. కొనేటప్పుడు చూడాల్సింది ఆ అంకెనే. పైన ఉండే 28, 26 అనే అంగుళాల లెక్కను నమ్మితే మోసపోతాం. 26 × 1⅜ అని ఉన్న టైరు 590 కొలత, మౌంటెన్ బైకుల 26 × 1.75 టైరు 559. రెండూ ఇరవయ్యారే, ఒకదాని రిమ్ముకు ఇంకొకటి పట్టదు. ఊళ్ళో దుకాణాల్లో ఇప్పుడు పిల్లల సైకిళ్ళూ, గేరు సైకిళ్ళ సామానే ఎక్కువ. పార్క్ టౌన్ దగ్గర రత్తన్ బజారుకు పోతే గానీ 635 టైరు, రాడ్ బ్రేకుల రబ్బరు కట్టెలు దొరకలేదు. టైరు భుజానికి తగిలించుకొని సెంట్రల్‌లో రైలెక్కి వచ్చినాను. ఆ రోజు నాకు భలే గర్వంగా ఉండింది.

తర్వాత చైను. చైను అరిగిందో లేదో చూడ్డానికి స్కేలు చాలు. చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి లాగి కొలిస్తే ఇరవై నాలుగో లింకు చివర పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే పళ్ళచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, వాటిమీద కొత్త చైను వేస్తే జారుతుంది. మనది పదహారో వంతు దగ్గరే ఉంది. చైను ఒక్కటి మార్చినాను.

ఇంక మిగిలింది ఎడమ పెడలు ఊగడం. అది పెడలు తప్పు కాదు, పెడలును మోసే క్రాంకుది. పాత సైకిళ్ళలో క్రాంకు ఇరుసుకు ఒక పిన్నుతో బిగుసుకొని ఉంటుంది. దాన్ని కాటర్ పిన్ను అంటారు. చిటికెన వేలంత ఉంటుంది. ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది, చివర సన్న మర, దానికొక నట్టు. ఆ చదును ముఖం ఇరుసు మీదుండే గాడికి ఆనుకొని ఒరుసుకుంటా పోయి, క్రాంకును ఇరుసుకు కదలకుండా పట్టేస్తుంది. మనిషి బరువంతా, ఎత్తు ఎక్కేటప్పుడు కాలి బలమంతా ఆ చిన్న చదును మీదే పడుతుంది. పాతది వంగిపోయి ఉంది. కొట్టి తీసి పారేసినాను.

ఆ పారేయడమే నా మొదటి తప్పు.

కాటర్ పిన్నుల్లో 9 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 9.5 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. అది నాకు తెలీదు. ఆన్‌లైన్లో కాటర్ పిన్ను అని వెతికి మొదట కనిపించిన ప్యాకెట్టు తెప్పించినాను. వచ్చింది 9. మనకు కావలసింది 9.5. సన్నగా ఉన్న పిన్ను రంధ్రంలోకి సుఖంగా దూరిపోయింది. సుత్తితో కొట్టాల్సిన పనే లేకపోయె. నట్టు తిప్పినాను, చివరిదాకా తిరిగి గట్టిగా నిలిచింది. క్రాంకు చేత్తో పట్టుకొని ఊపి చూస్తే ఊగలేదు. చక్రం ఎత్తి పెడలు తిప్పినాను, సైలెంటుగా తిరిగింది. "నాయనా, అయిపోయింది" అని కేకేసినాను.

ఆఫీసులో నేను చేసే పనే పరీక్ష. ఒక్కడు వాడితే పనిచేసే ప్రోగ్రాము వెయ్యిమంది ఒకేసారి వాడితే నిలుస్తుందా అని చూడకుండా నేను దేనికీ సరే అనను. ఇంట్లో మాత్రం చేతి బలంతో ఊపి చూసి, కాలు తొక్కే దానికి సరే అనేసినాను. ఆ నట్టు బిగిసింది నిజమే. అయితే అది బిగిసింది మర చివరికి వచ్చినందువల్ల, పిన్ను ఇరుసును పట్టినందువల్ల కాదు. అసలు ఆ పిన్నును నట్టుతో లాగి బిగించకూడదు. సుత్తితో దిగ్గొట్టినాకే నట్టు వేయాలి. నట్టు పని పిన్ను వెనక్కి రాకుండా కాపలా ఉండడం ఒక్కటే.

నాయన తొక్కడం మొదలుపెట్టినాడు. పొద్దున పాలకు, సాయంత్రం స్టేషన్ దాకా, శనివారం భక్తవత్సల పెరుమాళ్ గుడికి. అమ్మ కూడా "మీ నాయనకు పదేళ్ళు తగ్గినాయిరా" అన్నింది. తొమ్మిదో రోజు చెరువు కట్ట ఎక్కేచోట, ఎత్తు కదా అని సీటు మీద నుంచి లేచి బరువంతా ఎడమ పెడలు మీద వేసినాడు. పిన్ను ఒరుసుకొని క్రాంకు ఇరుసు మీద గిర్రున జారింది. కాలి కింద ఏమీ లేకపోయె. చెయ్యి నేలకు ఆనించి పడినాడు. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో ఎక్కించి పంపించినారు. ఆరు వారాలు పిండికట్టు.

మొదటి వారం నేను సైకిలు వైపే చూడలేదు. దాన్ని అమ్మేద్దామని ఈసారి నేనే అన్నాను. నాయన అరుగు మీద కూర్చొని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, "దాన్ని ఇట్ల తీసుకరా. పానా, సుత్తి కూడా తీసుకరా" అన్నాడు. తెచ్చినాను. "పిన్ను తీసి చూపించు" అన్నాడు. చూపించినాను. దాని చదును ముఖం ఒక అంచున మాత్రమే చెక్కుకుపోయి, మిగతాదంతా కొత్తదిగా మెరుస్తా ఉంది. అంటే ఇరుసుకు పూర్తిగా ఆనలేదు. నాయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "చీల సన్నమైందిరా అబ్బయ్యా" అన్నాడు.

చీల. ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను. తాత కాటర్ పిన్నును చీల అనే అనేవాడట. ఎద్దులబండి చక్రం ఇరుసు నుంచి ఊడిపోకుండా చివర్న వేసేది కడచీల, ఆ లెక్కన సైకిలుది కూడా చీల. నాకు వెంటనే బడిలో చదువుకున్న కన్నడ మాట గుర్తొచ్చింది, కడెగీలు. తమిళంలో దాన్నే కడైయాణి అంటారని అమ్మ లోపల నుంచి అందుకున్నింది. మూడింటిలోనూ ముందుండేది ఆ కడ అనే మాటే. కడెగీలు లేకపోతే బండి నడవదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను.

ఆ పొద్దు నాయన ఇంకో సంగతి చెప్పినాడు. పడడానికి రెండు రోజుల ముందు నుంచే ఎడమ పక్క టక్కుమని శబ్దం వచ్చేదట. ఒక్కో సుట్టుకు ఒక్క టక్కు.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు నాయనా?"

"నువ్వు అంత కష్టపడి చేస్తివి. మొదటిసారి పానా పట్టినావు. వచ్చీ రాగానే వంక పెడితే మళ్ళీ ముట్టుకోవేమోనని ఊరుకుంటి."

నాకు నోట మాట రాలేదు. నేను చేసినదానికి వంక పెట్టలేక ఆయన చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వంకలు వెతికేదానికే నాకు జీతమిస్తారు. ఎవరైనా వంక చెబితే మొదట కోపం వస్తుంది, తర్వాత మేలు జరుగుతుందని రోజూ చూస్తా ఉంటాను. ఇంట్లో ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క పొద్దయినా "ఎట్ల ఉంది, ఏమైనా శబ్దం వస్తా ఉందా" అని నేను అడగలేదు. అడిగింటే చెప్పేవాడే. "బాగుందా నాయనా?" అని మాత్రం అడిగినాను. అట్ల అడిగితే ఏ తండ్రయినా బాగుందనే అంటాడు.

ఆ వారమే నాయన, నేను తిరువళ్ళూరు పోయినాము. పాత మెకానిక్కు ఒకాయన ఉన్నాడని నాయనకు తెలుసు. ఆయన వెర్నియరు గిర్నియరు ఏమీ తీయలేదు. నేను పట్టుకుపోయిన కుడి పక్క పాత పిన్నును చూసి, దాన్ని ఒక ఇనప పట్టీకి వేసిన రంధ్రాల్లో దూర్చి చూసి, బిస్కెట్ల డబ్బా గిలకరించి రెండు పిన్నులు తీసిచ్చినాడు. రెండు కలిపి ఒక కాఫీ డబ్బులు కూడా కాలేదు. తీసుకున్నాక ఆయన తమిళంలో చెప్పిన మాట, బిగించినాక ఒక మైలు తొక్కి వచ్చి మళ్ళీ దిగ్గొట్టాలని. అది ఏ వీడియోలోనూ నేను వినలేదు, లేదా విన్నా దాటేసినాను.

ఇంటికి వచ్చి నాయన చెబుతా ఉంటే నేను చేసినాను. మీ ఇళ్ళల్లో కూడా పాత సైకిళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ వరస రాస్తున్నాను.

పాత చీల తీసేటప్పుడు నట్టును పూర్తిగా ఊడదీయకూడదు. పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి, దానిమీద కొట్టాలి. లేకపోతే మర చితికిపోతుంది. కొట్టే ముందు క్రాంకు కింద ఒక ఇనప పైపు ముక్కను నేలకు ఆనించి నిలబెట్టాలి. ఆ ఊతం లేకుండా కొడితే దెబ్బంతా లోపలి గుండ్ల మీద పడి కప్పు గుంటలు పడుతుంది. కొత్తది దూర్చేటప్పుడు రెండు పక్కలవీ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఎడమ నట్టు పైకి చూస్తే కుడి నట్టు కిందికి చూడాలి. రెండూ ఒకే వైపు పెడితే పెడళ్ళు ఒక గీతలో ఉండవు, తొక్కితే కుంటినట్టు ఉంటుంది. సరైన చీల చేత్తో దూర్చితే సగం దూరం పోయి ఆగాలి. చివరిదాకా పోయిందంటే అది సన్నది, పక్కన పెట్టేయండి. ఒక రవ్వ లావుగా ఉంటే చదును ముఖాన్ని ఆకురాయితో సమంగా రాసి సరిచేసుకోవచ్చు. సన్నదాన్ని లావు చేసే ఉపాయం మాత్రం లేదు.

అంతా విప్పినాము కాబట్టి గుండ్లు కూడా మార్చినాము. మన సైకిలుకు మధ్య ఇరుసులో పక్కకు పదకొండు పావు అంగుళం గుండ్లు, వెనక చక్రంలో పక్కకు తొమ్మిది అవే, ముందు చక్రంలో పక్కకు పది, అవి కొంచెం చిన్నవి, అంగుళంలో పదహారో వంతుకు మూడింతలు. నాయన ఒంటి చేత్తో గ్రీజులో ఒక్కొక్కటి అద్ది లెక్క పెట్టినాడు, తాత పక్కన కూర్చొని చేసినట్టే. ఎడమ పెడలు మర ఉల్టా అని నేను మరిచిపోయి బలవంతంగా తిప్పబోతే, పిండికట్టు చేత్తోనే నా చేతిమీద ఒకటేసినాడు.

అన్నీ అయినాక సైకిలు నేనే తొక్కినాను. అదే చెరువు కట్ట, అదే ఎత్తు. లేచి నిలబడి బరువంతా ఎడమ పెడలు మీద వేసినాను. భయంగానే ఉండింది. పట్టింది. వెనక్కి వచ్చి మళ్ళీ దిగ్గొడితే చీల ఇంకొంచెం లోపలికి పోయింది, నట్టు ఇంకో సగం సుట్టు తిరిగింది. మెకానిక్కు చెప్పింది అందుకే. రెండో రోజూ అట్లే చేసినాను. మూడో రోజు ఇంక కదల్లేదు.

ఇప్పుడు నడవలో సైకిలు పక్కన ఒక పాత హార్లిక్స్ సీసా ఉంది. దాంట్లో రెండు 9.5 చీలలు, వాల్వు రబ్బరు, ఒక చైను లాకు, బ్రేకు కట్టెలు ఒక జత, పాకెట్టు గుండ్లు ఉంటాయి. పక్కనే విడిగా, దారం కట్టి, ఆ సన్న చీల కూడా పెట్టినాను. తీసిన ఏ భాగాన్నీ కొత్తది బిగించి తొక్కి చూసేదాకా పారేయకూడదని ఇంట్లో నియమం. దుకాణానికి పోయేటప్పుడు పేరు చెప్పకండి, పాత ముక్క చేత్తో పట్టుకుపోండి. పేరు మూడు భాషల్లో మూడు రకాలుగా ఉంటుంది, ముక్క మాత్రం ఒకటే.

నాయన కట్టు తీసినాక నెల రోజులకు మళ్ళీ తొక్కుతున్నాడు. మందలించినవాళ్ళు ఇది చదివి ఆయనకు ఒక ఫోన్ చేస్తే సంతోషిస్తాడు. ఆదివారం పొద్దున ఆయన ఒక రౌండు వేసి వచ్చేదాకా నేను గేటు దగ్గరే ఉంటాను. "బాగుందా" అని అడగను. "ఏ పక్క శబ్దం?" అని అడుగుతాను. పోయిన వారం వెనక మడ్‌గార్డు గలగలమంటా ఉందన్నాడు. ఈ వారం సీటు స్ప్రింగు కీచుమంటా ఉందట. మడ్‌గార్డుకు వాషరు వేసినాను. స్ప్రింగు పని ఈ సాయంత్రం చూడాలి.